వీపులు తిప్పి విన్న శనివారం

డాక్టరమ్మ ఒక కాగితం మా ముందు పెట్టింది. దాని మీద ఒక గీత. కొంత దూరం చదునైన నేల మీద నడిచినట్టు సాగి, అక్కణ్నుంచి నూతిలో పడ్డట్టు దిగిపోయింది.

"ఇది మీ కుడి చెవి," అంది మా ఆయన కాజ్ మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి. "ఎడమది లేనట్టే అనుకోండి. దీంట్లో బరువైన చప్పుళ్లు ఇంకా పడుతున్నాయి. సన్నవి పోయాయి. ఉన్నవి కూడా తగ్గుతూ వస్తున్నాయి."

"ఎన్నాళ్లుంటాయి?" అని నేనే అడిగాను.

"క్రిస్మస్ దాకా ఉంటే అదృష్టమే. చెవిలో పెట్టుకునే మిషను ఉన్న చప్పుణ్ని పెంచుతుందిగానీ లేనిదాన్ని తీసుకురాలేదు."

ముప్పై ఒక్క ఏళ్లు రేకులు వంచే ప్రెస్సుల మధ్య పనిచేశాడు కాజ్. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన స్పాంజి ముక్కల్ని సగానికి కోసి పెట్టుకునేవాడు. పూర్తిగా పెట్టుకుంటే మిషను ఎప్పుడు మొరాయిస్తుందో వినపడదట. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని లేచాడు. బయట మా కారు తలుపు తీస్తూ అన్నాడు.

"కోరీకి చెప్పకు. స్టాష్‌కి చెప్పకు. డ్యూయీకి అసలే చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?" అన్నాను. నేను అతని వెనక ఉన్నాను. జవాబు రాలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడి మళ్లీ అడిగాను.

"ఎందుకేంటి జెన్, చెప్పొద్దన్నాను కదా," అన్నాడు.

అప్పటికే రెండేళ్లుగా నేను అతనికి చెవిగా ఉంటున్నాను. ఫోను నేనే ఎత్తుతాను. తలుపు కొడితే నేనే లేస్తాను. చర్చిలో ఎప్పుడు మోకరిల్లాలో మోచేత్తో చెబుతాను. మా అబ్బాయి కోరీ ఏదైనా అడిగితే, వాడి మాటే నేను ఇంకోసారి కాజ్ వైపు తిరిగి అంటాను, ఏదో ఆశ్చర్యపోయినట్టు. "ఏంటీ, ఆదివారం వస్తావా?" అని. కోరీకి ముప్పై మూడేళ్లు. అమ్మకి చాదస్తం పెరిగిందని పెళ్లాంతో అన్నాడట. అననీ అనుకున్నాను.

మా వీధిలో కాజ్ చెవికి ఒక పేరుంది. వయాండాట్‌లో మా వైపు వీధుల్లో మగవాళ్లంతా కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లే. ప్రతి గ్యారేజీలోనూ జాకీల మీద ఒక పాత కారు ఉంటుంది. సాయంత్రం కాజ్ వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటూ, మలుపులో వినిపించే బండి గురించి తలెత్తకుండా చెప్పేవాడు. ఎన్ని సిలిండర్లో, కింద ఏ గొట్టం ఉందో, ఎడమ సైలెన్సర్ తుప్పు పట్టిందో లేదో. ఒకసారి మా వీధివాడే అయిన డ్యూయీ కారు ఇంటి ముందు నుంచి వెళ్తుంటే "ఒరే, నీ మూడో వాల్వు రెండు వారాల్లో పోతుంది చూసుకో," అని అరిచాడు. పదకొండు రోజులకే పోయింది. అప్పట్నుంచి డ్యూయీ కొత్త భాగం ఏది కొన్నా ముందు మా ఇంటికి తెచ్చి వినిపించేవాడు.

కోరీ పుట్టిన ఏడు కాజ్ ఒక అరవై తొమ్మిది మోడల్ మస్టాంగ్ కారు కొన్నాడు. కొన్నాడంటే పెంకు కొన్నాడు. ఇంజను లేదు, నేల లేదు. దాన్ని ముప్పై మూడేళ్లుగా కడుతూ వచ్చాడు. మధ్యలో ఇంటి కప్పు మార్చాల్సి వచ్చింది, మా అత్తగారు మంచాన పడింది, ఫ్యాక్టరీ రెండుసార్లు మూతపడి తెరుచుకుంది. కారు మాత్రం మెల్లిగా కారులా మారుతూనే వచ్చింది. ఈ వసంతంలో రంగు కూడా పడింది, ముదురు ఆకుపచ్చ. ఇక మిగిలింది పొగ గొట్టాలే. ఇంజనుకి కుడివైపు నాలుగు సిలిండర్లు, ఎడమవైపు నాలుగు. రెండు వైపుల నుంచీ రెండు గొట్టాలు వెనక్కి పోతాయి. ఆ రెంటినీ మధ్యలో ఒకచోట కలపాలి. ఎలా కలుపుతామన్న దాన్ని బట్టి కారుకి గొంతు వస్తుంది.

కలపడానికి రెండు పద్ధతులు. రెండు గొట్టాల మధ్య నిచ్చెన మెట్టులా ఒక ముక్క అడ్డంగా వేస్తే అది హెచ్. రెంటినీ వంచి ఒకదానిలోకి ఒకటి కలిసి విడిపోయేలా చేస్తే అది ఎక్స్. హెచ్ వేసిన కారు గుండె మీద పిడికిలితో కొట్టినట్టు మోగుతుంది, తెంపులు తెంపులుగా. ఎక్స్ వేసింది నున్నగా మొదలై పైకి పైకి వెళ్తుంది, కొత్త గుడ్డని ఒక్క ఊపున చింపినట్టు. నేను ఇవన్నీ ఎలా చెబుతున్నానంటే ముప్పై ఏళ్లుగా మా వంటింటి బల్ల మీద ఇదే గొడవ.

గొడవలో కాజ్‌ది ఎప్పుడూ ఎక్స్ పక్షమే. "హెచ్ గొట్టం గడ్డి కోసే బండికి పెట్టుకోవాలి," అనేవాడు. డ్యూయీ హెచ్ పక్షం. కెంటకీ నుంచి వచ్చినవాడు, మీసం పెదవుల్ని కప్పేసి ఉంటుంది. "నీ ఎక్స్ గొట్టానికో దణ్ణం, దోమ కుట్టినట్టు ఉంటుంది ఆ చప్పుడు," అనేవాడు. ఒకసారి ఇదే విషయం మీద మూడు వారాలు మాట్లాడుకోలేదు ఇద్దరూ. చివరికి డ్యూయీ వాళ్లావిడా నేనూ కలిసి ఇద్దర్నీ చర్చిలో చేపల విందులో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాం.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికి అనుకుంటాను, ఇద్దరం వరండాలో ఉన్నాం. హెచ్ పెట్టిన డ్యూయీ కారు మలుపు తిరిగింది. కాజ్ పేపర్లోంచి తల ఎత్తాడు. ఆ మధ్య అతను దేనికీ తల ఎత్తడం లేదు. నోరు కొంచెం తెరిచి, కారు ఇంటి ముందు నుంచి వెళ్లి వాళ్ల వాకిట్లో ఆగేదాకా అలాగే ఉన్నాడు.

"విన్నాను జెన్," అన్నాడు. "మొత్తం విన్నాను. మధ్యలో ఎక్కడా తెగలేదు."

తర్వాత కాజ్ పాత స్నేహితుడు స్టాష్ మేనల్లుడి కారు వచ్చింది. దానికి ఎక్స్. ఏ పక్కకీ తిరక్కుండా పేపరు చదువుకుంటూనే ఉన్నాడు. కారు వెళ్లిపోయాక నేను అతని మొహం చూశాను. నేను చూశానని అతను చూశాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరం విషయం తేల్చుకున్నాం. ముప్పై మూడేళ్లు కట్టిన కారు. దానికి హెచ్ పెడితే క్రిస్మస్ దాకా అయినా వింటాడు. ఎక్స్ పెడితే ఒక్కరోజు కూడా వినడు.

"హెచ్ పెట్టుకో. అంతే కదా," అన్నాను.

"పెట్టుకుని ఏమని చెప్పను? డ్యూయీ అడగడా? కోరీ అడగడా? పాలు తాగే వయసు నుంచి వాడికి ఎక్స్, ఎక్స్ అని నూరిపోశాను."

"ఎక్స్ చప్పుడుకి నాకు తలనొప్పి వస్తుందని చెప్పు."

"బాగుంది. పెళ్లాం తలనొప్పికి గొట్టం మార్చాడు కాజ్ ప్రుసాక్ అంటారు."

"అంటే అననీ. నాకు నిజంగానే వస్తుంది తలనొప్పి, మీ అందరి వల్ల."

నవ్వాడు. తర్వాత "వీపులు తిప్పుదాం," అన్నాడు.

అది మా వీధి అలవాటు. గొట్టం వెల్డింగ్ చేసేముందు రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి తాత్కాలికంగా క్లాంపులతో బిగించి వింటారు. వినేవాళ్లు కారుకి వీపు తిప్పి వీధి వైపు చూస్తూ నిలబడాలి. ఏది ముందో వాళ్లకి తెలియదు, నాణెం ఎగరేసి కారు దగ్గర ఉన్నవాడే నిర్ణయిస్తాడు. విన్నాక వెనక చేతులు కట్టుకున్నట్టు పెట్టి, నడుము దగ్గర వేళ్లు చూపాలి. నచ్చితే రెండు, నచ్చకపోతే ఒకటి. పక్కవాడి వేళ్లు ఎవరికీ కనపడవు, కారులో ఉన్నవాడికి మాత్రమే కనపడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, వేళ్లు చూపాక మాట మార్చకూడదు. జీవితమంతా ఒక పక్షాన అరిచినవాడు కూడా వేళ్లు వేరేలా చూపిస్తే, చెవి ఒప్పుకోలేదని నవ్వేసి ఊరుకుంటారు. అందులో పరువు తక్కువ లేదు.

"హెచ్ వినిపిస్తే రెండు వేళ్లు," అన్నాడు కాజ్. "'నా చెవే నన్ను మోసం చేసిందిరా' అంటాను. డ్యూయీ చచ్చేదాకా దెప్పుతాడు, దెప్పనీ."

"ఎక్స్ ముందు వస్తే? నీకు వినపడదు కదా. బండి స్టార్టయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అందుకే నువ్వు. నాకు ఎదురుగా, తిండి బల్ల దగ్గర నిలబడు. బండి స్టార్టవగానే ఏప్రన్‌కి చేతులు తుడుచుకో. నువ్వు తుడుచుకున్నాక నాకేమీ వినపడకపోతే అది ఎక్స్. వినపడితే హెచ్. అంతే."

అంతే. నేను చేయాల్సింది అంతే.

బుధవారం కోరీ వచ్చాడు, గొట్టాలు ఎక్కడ కలపాలో చూడ్డానికి. అదొక పద్ధతి. ఇంజను నుంచి వచ్చే రెండు గొట్టాల మీదా పొడుగునా మామూలు రంగు ఒక చార కొడతారు. బండిని కాసేపు నడిపిస్తారు. వేడికి రంగు మాడుతుంది, ఒకచోట మాడటం ఆగుతుంది. ఆ హద్దు దగ్గరే కలపాలి. కాజ్ కారు కింద పడుకుని, మాడిన చోట సుద్దముక్కతో గీత గీశాడు. "ఇక్కడ. వేలెడు ముందుకి జరిగినా కారు గొంతు చెడుతుంది," అన్నాడు. కోరీ కొలిచి చూసి, "నువ్వు కొలవకుండానే ఎప్పుడూ ఇంతే కచ్చితం నాన్నా," అన్నాడు. కాజ్ వాడి పెదవుల వైపు చూస్తున్నాడు కాబట్టి ఆ మాట అందింది. రోజంతా సంతోషంగా ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం. అక్టోబరు ఎండ, మేపుల్ ఆకులు వాకిట్లో. నేను పెద్ద గిన్నెలో పులిసిన క్యాబేజీ, పొగబెట్టిన సాసేజీలు వేసి వీధి అంచున ఉన్న బల్ల మీద పెట్టాను. స్టాష్ వచ్చాడు. ముప్పై ఏళ్లు కాజ్ పక్క ప్రెస్సు మీద పనిచేసినవాడు, పోలిష్ పాటలు తప్పులతో పాడతాడు. డ్యూయీ వచ్చాడు, సొంత బీరు సొంత చేత్తో పట్టుకుని.

"ఏరా కాజ్, ఇవాళ పాపం ఒప్పుకుంటావా?" అన్నాడు డ్యూయీ.

అతని మీసం మధ్య నుంచి కాజ్ ఏమీ చదవలేడు. నేను "పాపం ఒప్పుకోవడానికి ఫాదర్ ఉన్నాడు, డ్యూయీ ఎందుకూ," అన్నాను కాజ్ వైపు తిరిగి. కాజ్ వెంటనే, "నీ దగ్గర ఒప్పుకుంటే నా పాపం ఇంకా పెరుగుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఇలాగే నడిచేది మా సంసారం.

ముగ్గురూ కాలిబాట అంచున నిలబడి వీధి వైపు తిరిగారు. చేతులు వెనక. డ్యూయీ కాజ్‌కి ఎడమ పక్కన. నేను వాళ్లకి ఎదురుగా, కాస్త పక్కకి, బల్ల వెనక. గ్యారేజీలో కోరీ నాణెం ఎగరేసి, కారు కింద దూరి క్లాంపులు బిగించాడు. తర్వాత లోపల కూర్చోవడం, తాళం తిప్పడం చూశాను.

ఇంజను రాజుకుంది. ఎక్స్ అని నాకు కూడా తెలిసిపోయింది. మెత్తగా, తెంపు లేకుండా, తలుపు వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

నా చేతులు అప్పటికే ఏప్రన్ మీదే ఉన్నాయి. తుడుచుకోవాలి. కాజ్ నా వైపు చూస్తున్నాడు. బస్సు కోసం ఎదురుచూసేవాడి మొహంలా ఉంది అతని మొహం, కంగారేమీ లేదు. నేను ఉన్నానన్న ధీమా. ఆ ధీమా చూస్తుంటే నాకేమైందో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. ఫోన్లూ తలుపులూ, కోరీ ముందు నా చాదస్తం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయనుకోవచ్చు. ఇప్పుడు చెయ్యి కదపకపోతే ఇదంతా ఇక్కడితో అయిపోతుంది అన్న మాట మనసులో పూర్తిగా ఏర్పడింది కూడా. కావాలని ఆపుకున్నానా? చేతులు ఉన్నచోటే ఉండిపోయాయి. అయిదు సెకన్లో, ఆరు సెకన్లో.

స్టాష్ మోచెయ్యి కదిలింది, వేళ్లు చూపించేశాడు. డ్యూయీ కూడా. కాజ్ మోచేతులు మాత్రం కదల్లేదు. తర్వాత తల కొంచెం తిప్పి, భుజం మీదుగా అరిచాడు.

"ఏరా కోరీ, నిద్రపోయావా? స్టార్ట్ చెయ్యి!"

డ్యూయీ పకపకా నవ్వాడు. "అబ్బో, ఎక్స్ అంత నున్నగా ఉందనా నీ ఉద్దేశం? అసలు బండే లేనట్టుందిట స్టాషూ, విన్నావా!"

వేళాకోళమే అనుకున్నాడు పాపం. కాజ్ కూడా నవ్వి ఉంటే ఆ క్షణం అలా జారిపోయేది. కానీ డ్యూయీ ఎడమ పక్కన ఉన్నాడు. కాజ్‌కి ఆ మాట చేరలేదు.

"ముసలాళ్లని నిలబెట్టి ఏం చేస్తున్నావురా లోపల? తిప్పు తాళం!"

డ్యూయీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. స్టాష్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. నాన్న ఇంకా పెద్ద చప్పుడు కావాలంటున్నాడనుకుని కోరీ ఒక్కసారి కాలు నొక్కాడు. ఎక్స్ గొంతెత్తింది. నేల అదిరింది కాబోలు, కాజ్ వెనక్కి తిరిగాడు. వీపులు తిప్పినప్పుడు వెనక్కి తిరగకూడదు. కారు ముందు మూత వణకడం చూశాడు, కోరీ మొహం చూశాడు. తర్వాత నా వైపు తిరిగి నా చేతులు ఎక్కడున్నాయో చూశాడు.

కోరీ ఇంజను ఆపేశాడు.

రెండో గొట్టం ఎవరూ బిగించలేదు. స్టాష్ పళ్లెంలో ఒక సాసేజీ పెట్టుకుని తినకుండా అక్కడే వదిలేశాడు. వెళ్తూ కాజ్ మొహం దగ్గరగా వంగి, "వ..స్తా..ను..రా, కాజ్!" అని అరిచాడు, పసిపిల్లాడితో అన్నట్టు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ స్టాష్ చెప్పి వెళ్లినవాడు కాదు. డ్యూయీ బీరు డబ్బాలు ఏరి సంచిలో వేశాడు. ఖాళీవి మాత్రమే కాదు, నిండువి కూడా.

కోరీ నా వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ నాన్న వద్దన్నాడు."

"ఆయన వద్దంటే నువ్వు..." అని ఆగిపోయాడు. సింకు అంచు పట్టుకుని నిలబడ్డాడు. "అసలేమైనా వినపడుతుందా?"

"బరువైనవి వినపడతాయి. డ్యూయీ కారు వినపడింది. క్రిస్మస్ దాకా అంది డాక్టరు."

వాడు మా ఆయన కొడుకు, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. "అయితే హెచ్," అన్నాడు. "రేపొచ్చి పెట్టేస్తాను."

ఆ సాయంత్రం కాజ్ కోపంగా లేడు. రొట్టె కోసి ఇచ్చాను, తిన్నాడు. పళ్లేలు కడిగి ఆరబెట్టాడు. నేను తుడుస్తున్న బల్ల వైపు చూడకుండా పైకి వెళ్లి పడుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కోరీ వచ్చాడు. హెచ్ గొట్టం చేతిలో ఉంది. సుద్దగీతల దగ్గర కొలతలు తీసుకుని కోయడానికి సిద్ధమవుతుంటే కాజ్ వెళ్లి దాన్ని వాడి చేతిలోంచి తీసుకుని గోడకున్న మేకుకి తగిలించాడు. కోరీ క్లాంపులు విప్పి బల్ల మీద పెట్టిన ఎక్స్ తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నాన్నా, అది పెడితే నీకు..." కోరీ తండ్రికి ఎదురుగా నిలబడి, ప్రతి మాటా పెద్దగా పలుకుతున్నాడు.

"అరవకు. అరిస్తే మూతి వంకర పోతుంది, చదవలేను." కాజ్ గొంతు మామూలుగానే ఉంది. "నిన్న వేళ్లు చూపించే అవకాశం వచ్చుంటే హెచ్‌కే చూపించేవాణ్ని. అప్పుడది నేను ఎంచుకున్నట్టు. ఇప్పుడు పెడితే మీరంతా కలిసి నాకు పెట్టినట్టు. నాకు వద్దు."

"రెండు నెలలే కదా నాన్నా. క్లాంపులతో బిగిద్దాం. తర్వాత వసంతంలో..."

"తర్వాత, నేను పూర్తిగా చెవిటివాణ్ని అయ్యాక మారుస్తావు. అంతేనా?"

కోరీ తల దించుకున్నాడు. అదే వాడి ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

నేను గుమ్మంలోంచి లోపలికి వెళ్లాను. కాజ్‌కి కనపడేలా నిలబడి, "నేను అడుగుతున్నాను. నా కోసం పెట్టు. దాంట్లో కూర్చునేది నేను కూడా," అన్నాను.

నా పెదవులు ఆగేదాకా చూశాడు. "నువ్వు బుధవారం ఇలా అడిగి ఉంటే పెట్టేవాణ్నేమో జెన్," అన్నాడు. "నిన్న నీ చెయ్యి ఎక్కడుందో చూశాను."

కోరీ నా వైపు చూశాడు, అర్థం కాక. కాజ్‌కి అలిసిపోయానని చెప్పవచ్చు. అది నిజమే, కానీ అతను అడిగింది అది కాదు.

వెల్డింగ్ అతనే చేశాడు. కోరీ లైటు పట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను, వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి. వెల్డింగ్ సరిగ్గా పడుతుంటే పెనం మీద బేకన్ మాంసం వేగుతున్నట్టు ఒకే ధారగా చిటపటలాడుతుంది. చెయ్యి ఎంత వేగంగా జరపాలో ఆ చప్పుడే చెబుతుంది. కాజ్ ఎప్పుడూ కళ్లకన్నా దానికే ఎక్కువ విలువ ఇచ్చేవాడు. కుడివైపు అతుకు బాగానే పడింది. ఎడమవైపు సగంలో చప్పుడు మారింది. చిటపటలు ఉమ్మినట్టు తెగి తెగి వచ్చాయి. కాజ్ ముసుగు కింద అలాగే చెయ్యి జరుపుకుంటూ పోయాడు. కోరీ తలెత్తి నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం నోరు విప్పలేదు.

చల్లారాక కాజ్ అతుకు మీద బొటనవేలితో తడిమాడు. "బానే ఉంది," అన్నాడు. "బానే ఉంది నాన్నా," అన్నాడు కోరీ. వాడు వెళ్లేటప్పుడు తండ్రిని కౌగిలించుకోబోతే, కాజ్ వాడి చేతిలో గ్రైండరు పెట్టి, "ఇది తీసుకుపో, నాకు ఇక అక్కర్లేదు," అన్నాడు.

సోమవారం పొద్దున్న నేను కాఫీ పెట్టేసరికి గ్యారేజీ తలుపు తెరిచే ఉంది. మస్టాంగ్ ముక్కు బయటికి, తోక లోపలికి. కాజ్ సీట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తాళం తిప్పాడు.

దాన్ని అసహ్యించుకోవాలని సిద్ధపడే వెళ్లాను. కానీ అది బాగుంది. నిజంగా బాగుంది. మెత్తగా రాజుకుని, కాజ్ కాలు నొక్కిన కొద్దీ ఒక్క మడత లేకుండా పైకి లేచింది. వీధి చివర బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి తల తిప్పి చూసింది. ముప్పై ఏళ్లుగా కాజ్ చెబుతూ వచ్చినదే నిజం, డ్యూయీది తప్పు. ఆ సంగతి ఇప్పుడు నాకు తెలుసు, అతనికి తెలియదు.

అతను మీటరు సూది వైపు చూస్తున్నాడు, గాజు వెనక వణికే సూది. ఆ చప్పుడులో అతనికి మిగిలింది అదే. కాలు తీశాడు. ఇంజను మళ్లీ నెమ్మదించింది. అప్పుడు విన్నాను. టిక్, టిక్, టిక్. సన్నగా, గోరుతో రేకు మీద కొడుతున్నట్టు. కారు కింద నుంచి, ఎడమవైపు అతుకులోంచి పొగ చిమ్ముతున్న చప్పుడు.

కిటికీలోంచి నా మొహం చూస్తూ అడిగాడు. "ఎలా ఉంది?"

పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో కారు ఎలా ఉందని నన్ను అడగడం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పినట్టే ఉంది," అన్నాను. "డ్యూయీ వింటే ఏడుస్తాడు."

తల ఊపాడు. ఇంకా నా మొహమే చూస్తున్నాడు. "లీకుందా?"

లేదనవచ్చు. నిన్న నేనూ కోరీ కలిసి ఆ పనే చేశాం. శనివారం నుంచి అందరం అతనితో అలాగే ఉంటున్నాం. లేదంటే ఇంజను ఆపి లోపలికి వచ్చి కాఫీ తాగుతాడు. సాయంత్రం వీధిలో తిప్పుతాడు. స్టాష్ వింటాడు, డ్యూయీ వింటాడు. కాజ్ ప్రుసాక్ వెల్డింగ్ టిక్కుమంటోందని ఇద్దరూ తెలుసుకుంటారు, తెలిసి బాగుందంటారు.

"ఉంది," అన్నాను.

అతని మొహంలో ఏదో దిగిపోయింది. ఇంజను ఆపాడు. దిగాక జాకీ లాక్కొచ్చి కారు లేపాడు. స్టాండ్లు పెట్టి, అట్టముక్క పరిచి, ముసుగు పక్కన పెట్టుకున్నాడు.

"ఎక్కడ?"

చెబితే సరిపోదని అర్థమైంది. అంత కింద నుంచి నా పెదవులు కనపడవు. చెప్పులు విప్పి, గౌను సర్దుకుని, అతని పక్కన అట్టముక్క మీద పడుకుని లోపలికి జరిగాను. ముప్పై మూడేళ్లలో ఆ కారు కింద ఎప్పుడూ దూరలేదు. నూనె వాసన, కాలిన రంగు వాసన. ఎక్స్ కలిసిన చోట ఎడమవైపు అతుకు దాదాపు నా ముక్కుకి తగులుతోంది. లోహం ఇంకా వేడిగా ఉంది. ముట్టుకోకుండా వేలితో చూపించాను. కాజ్ దీపం దగ్గరగా పెట్టి చూశాడు. ఆవగింజంత చిల్లు.

"బయటికి జరుగు, నిప్పులు పడతాయి," అన్నాడు.

జరిగాను. కరెంటు మెరిసింది. ఉమ్మింది, తెగింది, మళ్లీ పట్టుకుంది. ఆపి, బయటికి వచ్చి, నా వైపు చూడకుండా తాళం తిప్పాడు. నేను కారు పక్కన మోకాళ్ల మీద వంగి విన్నాను.

"ఇంకా ఉందా?"

అతను తిరిగి నన్ను చూసేదాకా ఆగాను.

"ఉంది," అన్నాను.

ఇంజను ఆపి, ముసుగు తీసుకుని మళ్లీ కిందికి దూరాడు.